కాగితం మీద ఇల్లు కట్టిన జరీనా

మొన్న ఒక శుక్రవారం జుమా నమాజ్ ముగించుకొని మస్జిద్ మెట్లు దిగుతుండగా ఒక సోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. ఆయన మా ఊళ్ళో దర్జీ. భార్య ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. పెద్దమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాక ఆయన కాస్త తటపటాయించి అసలు విషయానికొచ్చాడు.

"మౌల్వీ సాబ్, మా పిల్ల బొమ్మల కాలేజీకి పోతానంటోంది. హైదరాబాద్‌లో నాలుగేళ్ళ చదువంట. మన దీన్‌లో బొమ్మలు వేయడం సరికాదంటారు గదా! మా అన్నదమ్ములంతా వద్దంటున్నారు. పిల్లేమో రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. మీరేమంటారు?"

వెంటనే జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. దానికొక కారణముంది. సుమారు పాతికేళ్ళ క్రితం మా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు పాఠం వినకుండా నోటుపుస్తకం వెనక అట్ట మీద ఏవో గీతలు గీస్తుంటే, మేము ఆ అట్టను లాక్కొని అందరి ముందూ చించేశాము. అందులో ఏముందో చూడనైనా చూడలేదు. పిల్లవాడు ఏడవలేదు. కానీ ఆ తర్వాత వాడు కలం పట్టుకున్నప్పుడల్లా మా వైపు భయంభయంగా చూసేవాడు. ఆ చూపు నేటికీ మాకు గుర్తుంది. అందుకే దర్జీ సోదరునితో, "ముందు అమ్మాయి ఏం వేస్తోందో చూద్దాం, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాము.

మరునాడు అసర్ తర్వాత వాళ్ళింటికి వెళ్ళాము. ఇరుకైన గదిలో మగ్గం బిగించి ఉంది. తల్లి దాని ముందు కూర్చొని జరీ కుడుతోంది. కూతురు పక్కన ట్రేసింగ్ కాగితం పరచుకొని, గీసుకున్న డిజైన్ వెంబడి సూదితో చిన్నచిన్న చిల్లులు పొడుస్తోంది. మగ్గం పనివారికి ఇది తెలిసిన విషయమే. చిల్లుల కాగితాన్ని బట్ట మీద పెట్టి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దితే, డిజైన్ చుక్కలు చుక్కలుగా బట్ట మీదికి దిగుతుంది.

ఆ అమ్మాయి మాకు చూపించిన కాగితాల్లో మనుషుల బొమ్మలు లేవు. అమ్ముడుపోయిన నానీ ఇంటి నక్షా ఉంది. వంటగది, బావి, జామచెట్టు, నానీ జానమాజ్ పరచుకునే మూల, అన్నీ పైనుంచి చూస్తే ఎలా కనిపిస్తాయో అలా గీసింది. ఆ సూది చిల్లులనూ, ఆ ఇంటి నక్షానూ ఒకేచోట చూడగానే మాకు ఒక పేరు స్ఫురించింది. ఢిల్లీలో చదువుకున్న మా పాత శిష్యుడొకడు 2020లో అక్కడ ఒక ప్రదర్శన చూసి వచ్చి, దాని గురించి మాకు గంటల తరబడి చెప్పాడు. అప్పటి నుంచి ఆ చిత్రకారిణి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాము. ఆమె పేరు జరీనా. ఇంటి పేరు హష్మీ. అయితే కళాలోకంలో ఆమె జరీనా అనే ఒక్క పేరుతోనే సంతకం చేసేది.

మేము చిత్రకళా విమర్శకులం కాము. ఒక ఉపాధ్యాయునిగా ఆమె జీవితంలో మాకు కనిపించిందే పాఠకుల ముందుంచుతున్నాము.

అలీగఢ్ ముంగిలి

జరీనా 1937 జూలై 16న అలీగఢ్‌లో జన్మించింది. తండ్రి షేక్ అబ్దుర్ రషీద్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. పుస్తకాల మధ్య పెరిగిన ఆ పిల్లను తండ్రి మొగలుల కట్టడాలు చూపించడానికి వెంట తీసుకెళ్ళేవాడు. ఎర్రరాతి గోడలు, జాలీల్లోంచి నేలమీద పడే వెలుగు, కొలతపెట్టి కోసినట్లుండే చతురస్రాలు ఆ వయసులోనే ఆమె కళ్ళలో నిలిచిపోయాయి.

ఆమె ఏ చిత్రకళా కళాశాలలోనూ చదవలేదన్నది గమనించదగిన విషయం. 1958లో అలీగఢ్‌లోనే బి.ఎస్సీ. పట్టా పుచ్చుకుంది. ఆమెకు ఇష్టమైన విద్య గణితం. తర్వాతి రోజుల్లో ఆమె గీసిన గీతలన్నిటిలో ఆ గణితం కనిపిస్తుంది. రేఖ, చతురస్రం, త్రికోణం, వృత్తం. వీటితోనే ఆమె ఇల్లు కట్టింది, ఊరు కట్టింది, ఆకాశాన్ని కూడా కట్టింది.

దేశ విభజన నాటికి ఆమెకు పదేళ్ళు. ఆ నాటి భయం ఆమెను జీవితాంతం విడిచిపెట్టలేదు. 1958లో విదేశాంగ శాఖలో అధికారి అయిన సాద్ హష్మీతో నికాహ్ జరిగింది. భర్త ఉద్యోగరీత్యా దేశం దాటింది. మరుసటి ఏడాది 1959లో తల్లిదండ్రులు కరాచీకి తరలిపోయారు. అంటే ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళిన ఏడాదికే పుట్టిల్లు లేకుండా పోయింది. మన ఆడపడుచులకు రంజాన్‌కో, బక్రీద్‌కో తిరిగి వెళ్ళడానికి ఒక గడప ఉంటుంది. జరీనాకు ఆ గడప ఇరవై రెండేళ్ళకే మూతపడింది. ఆమె కళ అంతా ఆ గడప దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

ప్యారిస్‌లో ఒక తెలుగు ఉస్తాద్

భర్త తొలి ఉద్యోగం బ్యాంకాక్‌లో. అక్కడ ఆమె చెక్క అచ్చుల పని నేర్చుకుంది. 1960ల మధ్యలో ప్యారిస్ నగరంలో ఉన్నప్పుడు 'అతెలియే 17' అనే ప్రసిద్ధ కార్ఖానాలో చేరింది. దాన్ని 1927లో స్థాపించిన స్టాన్లీ విలియం హేటర్ ఆంగ్లేయుడు. రసాయనశాస్త్రం చదివి చిత్రకళలోకి వచ్చినవాడు. ఆ కార్ఖానాలో ఉస్తాద్, షాగిర్ద్ అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి పనిచేసేవారు. ఒకరు కనుగొన్నది అందరూ నేర్చుకునేవారు.

ఇక్కడ తెలుగువారంతా సంతోషించవలసిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో హేటర్‌కు కుడిభుజంగా ఉన్నది మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో చదివి ప్యారిస్ చేరిన ఆయన, ఒకే లోహపు రేకు మీద అనేక రంగులు వేసి ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని వృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. రేకును ఎగుడుదిగుడుగా చెక్కుతారు. ఒక్కో రంగు సిరాలో ఒక్కో పాళ్ళలో నూనె కలుపుతారు. చిక్కటి సిరా, పలుచటి సిరా ఒకదానితో ఒకటి కలవవు. గట్టి రోలర్ పైభాగాలకే సిరా అంటిస్తుంది. మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది. నూనెకూ నీటికీ పడదని మన వంటింట్లో అందరికీ తెలుసు. అలాంటి చిన్న విషయాన్నే పట్టుకొని ఆయన ఒక కొత్త విద్యను సాధించాడు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఆయన ఆ విద్యను ఎందరికో పంచాడు. మారుమూల పల్లెలో పుట్టిన తెలుగు బిడ్డ, అలీగఢ్‌లో పుట్టిన ఉర్దూ బిడ్డ ప్యారిస్‌లో ఒకే కార్ఖానాలో చేతులకు సిరా పూసుకున్నారన్నది మన రెండు భాషలవారూ గుర్తుంచుకోదగ్గ ముచ్చట.

అయితే జరీనా తన ఉస్తాదుల రంగుల బాటను అనుకరించలేదు. విద్య నేర్చుకుంది, దారి మాత్రం తనదే ఎంచుకుంది. రంగులు తగ్గించుకుంటూ వచ్చి చివరికి నలుపు, తెలుపు, కాగితపు సహజ వర్ణం, ఆపై బంగారం, ఇంతటితో సరిపెట్టుకుంది. 1974లో జపాన్ వెళ్ళి తోషి యోషిదా దగ్గర అక్కడి చెక్క ముద్రణ నేర్చుకుంది. అప్పటికామె వయసు 37. పిల్లలకు చదువు చెప్పే వయసులో తాను మళ్ళీ నేలమీద కూర్చొని పాఠం నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

సూది, చెక్క, గుజ్జు

ఆమె కార్ఖానాలో ఏం జరిగేదో కాస్త వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే కళ అనగానే ఏదో ఆవేశం, మెరుపు అనుకుంటాము. జరీనా జీవితంలో అది ఎక్కువగా ఒళ్ళు వంచి చేసే పని.

మొదట చెక్క. 1960ల్లో ఆమె పారేసిన చెక్కముక్కలు ఏరుకొచ్చి, పక్కపక్కన అతికించి, సిరా పూసి అచ్చు తీసేది. చెక్కలోని ఈనెలు, కణుపులు, పగుళ్ళు అన్నీ కాగితం మీదికి వచ్చేవి. 1968 నుంచి కొన్నేళ్ళు ఢిల్లీలో ఉన్నప్పుడు సొంతంగా కార్ఖానా పెట్టుకొని ఈ పని సాగించింది. ఆ రోజుల్లోనే ఆమె గ్లైడర్ నడపడం కూడా నేర్చుకుంది. ఇంజను లేని ఆ చిన్న విమానంలోంచి చూస్తే ఊళ్ళన్నీ గీతలుగా, పొలాలన్నీ గళ్ళుగా కనిపిస్తాయి. తర్వాత ఆమె వేసిన ఇళ్ళ నక్షాల్లో, దేశాల పటాల్లో ఆ చూపు మనకు తెలిసిపోతుంది.

తర్వాత సూది. 1970ల మధ్యలో అమెరికా చేరిన జరీనా 1976లో న్యూయార్క్‌లో స్థిరపడింది. 1975 నుంచి 1977 వరకు ఆమె చేసిన ఒక ప్రయోగంలో సిరా లేదు, ఉలి లేదు, రంగు లేదు. తెల్లకాగితం, సూది, అంతే. కాగితానికి వరుసలు వరుసలుగా చిల్లులు పొడిచింది. కొన్ని ముందు నుంచి, కొన్ని వెనక నుంచి. పక్కనుంచి వెలుగు పడితేనే ఆ చుక్కల నీడలు కనిపిస్తాయి, వెలుగు కదిలితే బొమ్మ మారుతుంది. సూదిని ప్రతి ఆడపిల్లా పట్టుకుంటుంది. దాన్ని కలంగా మార్చడానికి మాత్రం ఒక ఆలోచన కావాలి. ఆ కాగితాల్లో కొన్ని ఈనాడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఆ తర్వాత కాగితపు గుజ్జు. సుమారు 1979 నుంచి కొన్నేళ్ళపాటు ఆమె కాగితం మీద పని చేయడం కాదు, కాగితంతోనే పని చేసింది. నారను నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, చెక్కిన అచ్చుల్లో పోసి, నీరు పిండి ఆరబెట్టేది. గుజ్జులోనే మట్టిరంగులు, బొగ్గుపొడి లాంటివి కలిపేది. ఆరిన తర్వాత అవి చూడటానికి రాతిపలకల్లా, పాత గోడల్లా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే మాత్రం కాగితమే. ఫతేపూర్ సిక్రీ ఎర్రరాయిని కాగితంతో మళ్ళీ కట్టుకున్నట్లు మాకు అనిపిస్తుంది.

కాగితం అంటే ముస్లిం సమాజానికి కొత్త వస్తువు కాదు. చైనా దేశపు ఈ విద్య ఎనిమిదవ శతాబ్దంలో సమర్‌ఖంద్ మీదుగా బాగ్దాద్ చేరింది. అక్కడి నుంచి గ్రంథాల వెల్లువ మొదలైంది. రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరున్న సాంగానేర్‌లో 'కాగజీ' అనే ఇంటి పేరు గల ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చేతి కాగితాన్ని తయారు చేస్తున్నాయి. జరీనా తన అచ్చులకు మన దేశపు చేతి కాగితాన్ని, జపాన్ కాగితాన్ని, నేపాల్ కాగితాన్ని ఏరి కోరి వాడింది. ఆమె జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి 2012లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మొదలుపెట్టిన ప్రదర్శనకు 'పేపర్ లైక్ స్కిన్', అంటే చర్మం వంటి కాగితం, అని పేరు పెట్టడం ఎంతో సబబుగా ఉంది. అది 2013లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ సంగ్రహాలయానికి, ఆపై షికాగోకు వెళ్ళింది.

ఇదంతా సుఖంగా సాగిన జీవితమని పాఠకులు అనుకోరాదు. 1977లో భర్త మరణించాడు. పరాయి దేశం, ఒంటరి ఆడమనిషి, అమ్ముడుపోని అచ్చులు. న్యూయార్క్‌లో ఒకే చోట నివాసం, అక్కడే పని. పాఠాలు చెప్పింది. కాగితం తయారీ నేర్పింది. వెనుకబడిన దేశాల నుంచి వచ్చిన మహిళా కళాకారుల కోసం పత్రికాపని, ప్రదర్శనల పని చేసింది. దశాబ్దాలపాటు పేరుప్రఖ్యాతులు రాలేదు. అయినా ఉలి కింద పెట్టలేదు.

ఒక్కో మాటకు ఒక్కో అచ్చు

ఆమె పనుల్లో మా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది 1999 నాటిది. దాని పేరుకు అర్థం 'ఇల్లు ఒక పరాయి చోటు'. అందులో 36 చెక్క అచ్చులున్నాయి. ముందు ఆమె తనకు ఇల్లు అనగానే గుర్తుకొచ్చే ఉర్దూ మాటల పట్టీ రాసుకుంది. ఇల్లు, గడప, తలుపు, ముంగిలి, వడగాలి, దూరం, భాష, సరిహద్దు, ఇలాంటివి. ఆ మాటలను పాకిస్తాన్‌కు పంపి ఒక ఖుష్‌నవీస్ చేత నస్తాలీఖ్‌లో రాయించింది. తర్వాత ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ చెక్కింది. బొమ్మలన్నీ గీతలే. గడప అంటే ఒక గీతను మరో గీత తాకడం. దూరం అంటే రెంటి మధ్య ఖాళీ.

సోదరులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. బొమ్మ కన్నా ముందు మాట వచ్చింది. ఆ మాట ఉర్దూలో వచ్చింది. న్యూయార్క్‌లో ఉన్న మనిషికి ఇంగ్లీషు రాక కాదు, ఇల్లు ఆమెకు ఇంగ్లీషులో గుర్తుకు రాదు గనుక. తన మాతృభాష చదివేవారు తన చుట్టూ తగ్గిపోతున్నారని ఆమెకు తెలుసు. అందుకే ఆ అక్షరాలను కాగితం మీద అచ్చువేసి భద్రపరిచింది. మన ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడతాము. కానీ మన పిల్లల్లో ఎంతమంది ఉర్దూ చదవగలరు? దర్జీ సోదరుని కూతురు తన నానీ రాసిన పాత ఉత్తరాన్ని రేకుపెట్టెలోంచి తీసి మా చేతికిచ్చి, "చదివి చెప్పండి సర్" అని అడిగింది. ఆమెకు ఉర్దూ మాట వచ్చు, అక్షరం రాదు. మేము చదువుతుంటే ఆమె తెలుగు లిపిలో రాసుకుంది. ఈ తప్పు ఆ పిల్లది కాదు, మా వంటి ఉపాధ్యాయులదీ పెద్దలదీ కూడా.

ఉత్తరాలంటే జ్ఞాపకం వచ్చింది. జరీనా అక్క పేరు రాణీ. ఆమె కరాచీలో ఉండేది. తల్లిదండ్రుల మరణం, ఇల్లు అమ్మడం, పిల్లలు దూరమవడం వంటి సంగతులు చెల్లెలికి ఉత్తరాలుగా రాసుకుంది గాని వాటిని టపాలో వేయలేదు. చాలాకాలం తర్వాత అవి జరీనా చేతికి అందాయి. ఆమె అక్క చేతిరాతను ఉన్నదున్నట్లుగా అచ్చుపలక చేయించి, ఆ వాక్యాల మీద తాము ఉన్న ఇళ్ళ నక్షాలను, పటాలను ముద్రించింది. 2004 నాటి ఆ పనికి 'ఇంటి నుంచి ఉత్తరాలు' అని పేరు. అక్షరాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి, కొన్నిచోట్ల నల్లటి గీతల కింద మరుగున పడతాయి. కుటుంబంలోని దుఃఖాన్ని నలుగురి ముందు పెడుతూనే దాని మర్యాదను ఆమె ఇలా కాపాడింది. ఇది మాకు ఎంతో నచ్చింది.

చెక్కలో మిగిలిన ఒక గీత

2001లో ఆమె ఒక చెక్క అచ్చు చేసింది. దాని పేరు 'విభజన రేఖ'. ఇండియా, పాకిస్తాన్ల మధ్య 1947లో గీసిన సరిహద్దు అది. చెక్క అచ్చులో నల్లగా పడేది చెక్కకుండా మిగిల్చిన భాగమే. కాబట్టి ఒక్క గీత నిలబడాలంటే దానికి ఇరుపక్కలా ఉన్న చెక్కనంతా ఉలితో తొలిచి పారేయాలి. అయినా తొలిచిన చోట అక్కడక్కడా మిగిలిన చిన్నచిన్న గాట్లు కాగితం మీద నల్లటి మరకలుగా పడ్డాయి. ఆమె వాటిని చెరపలేదు. గీత కొన్ని వారాల్లోనే గీశారు, దాని చుట్టూ చెదిరిపోయిన బతుకులు లక్షలు. ఉపన్యాసం లేకుండా, ఒక్క మనిషి బొమ్మైనా లేకుండా ఆ కాగితం ఈ సంగతి చెబుతుంది.

2003లో తొమ్మిది నగరాల అచ్చులు చేసింది. గ్రోజ్నీ, సారాయెవో, స్రెబ్రెనికా, బీరూత్, జెనిన్, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్, న్యూయార్క్. గాయపడిన ఊళ్ళ పట్టీ ఇది. గాలిబ్ గజల్‌ను ఒక అమెరికన్ కవయిత్రి ఇంగ్లీషులో చెప్పుకున్న తీరు నుంచి ఈ పని పేరు వచ్చింది. ఈ వరుసలో ముస్లింలు దెబ్బతిన్న నగరాలతో పాటు 2001 సెప్టెంబరు దాడికి గురైన న్యూయార్క్ కూడా ఉందన్నది గమనించాలి. జాలికి ఆమె సరిహద్దు గీయలేదు.

వరఖ్ వెలుగు

వయసు పైబడ్డాక ఆమె చేతికి బంగారు వరఖ్ వచ్చింది. మిఠాయిల మీద అద్దే వెండి వరఖ్ మనకు తెలుసు. అంత పలుచని బంగారు రేకును ఆమె కాగితం మీద అద్దింది. తూర్ పర్వతం వద్ద హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రభువును చూడగోరినప్పుడు ఆ తేజస్సుకు కొండ నుగ్గయిపోయిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆ వృత్తాంతమే ప్రేరణగా 2010లో ఒక పెద్ద కాగితం నిండా సన్నటి కోతలు పెట్టి, దాన్నంతా బంగారు వరఖ్‌తో కప్పింది. అందులో రూపం లేదు. కళ్ళు చెదిరే వెలుగే ఉంది. తస్బీహ్ పూసలను కూడా ఆమె తన పనిలోకి తెచ్చుకుంది. ఇల్లు వెదుక్కుంటూ బయలుదేరిన మనిషి చివరికి వెలుగు దగ్గర ఆగింది.

ఎదురుచూసిన గుర్తింపు కూడా ఆ వయసులోనే వచ్చింది. 2011లో ఇటలీలోని వెనిస్ ద్వైవార్షిక కళాప్రదర్శనలో భారత్ తరఫున నిలిచిన కళాకారుల్లో జరీనా ఒకరు. అప్పటికామెకు 74 ఏళ్ళు. 2018లో 'నా ఇంటికి దారి' అనే అర్థం వచ్చే పేరుతో ఆమె జ్ఞాపకాల పుస్తకం వెలువడింది. 2020 జనవరిలో ఢిల్లీలోని కిరణ్ నాడార్ సంగ్రహాలయంలో ఆమె జీవితకాలపు పనితో పెద్ద ప్రదర్శన ఏర్పాటైంది. మా శిష్యుడు చూసింది అదే. అదే ఏడాది ఏప్రిల్ 25న లండన్‌లో ఆమె కన్నుమూసింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇక దర్జీ సోదరుని ప్రశ్న

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాము. మేము ముఫ్తీలం కాము, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. ప్రాణుల బొమ్మల విషయంలో హదీసుల్లో ఉన్న హెచ్చరికలు మాకు తెలుసు. వాటిని తేలిక చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే అదే హదీసు గ్రంథాల్లో మరొక సంఘటన ఉంది. బొమ్మలు చేయడమే జీవనోపాధిగా గల ఒక మనిషి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని ఆయన దారి చూపించారు. ఆయన అతని చేతిలోని పనిని లాక్కోలేదు, దానికొక దారి చూపించారు. ఆ దారిలోనే మన పెద్దలు ఖత్తాతీని, జాలీలను, మస్జిదుల పూలతీగలను, తివాచీల నక్షాలను లోకానికి ఇచ్చారు. జరీనా మనుషుల రూపాలు గీయకుండానే మనుషుల బాధనంతా చెప్పగలిగింది.

దర్జీ సోదరునికి మేము మూడు మాటలు చెప్పాము. మొదటిది, మీ బిడ్డ గీసింది పాపం కాదు, అమ్ముడుపోయిన ఇంటి జ్ఞాపకం. రెండవది, మీ ఇంట్లో నాలుగు తరాలుగా సూది అన్నం పెడుతోంది, అదే సూది రేపు ఆమెకు విద్య కూడా కావచ్చు. మూడవది, కాలేజీలో ఏది గీయాలి, ఏది గీయకూడదు అన్న సందేహం వస్తే ఆమెను ఆలిములనే అడగనివ్వండి, ముందుగానే తలుపు మూయకండి.

ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఖర్చు సంగతి ఎట్లా మౌల్వీ సాబ్? చిన్నది కూడా చదువుకొస్తోంది. రేపు నికాహ్ మాటలు వస్తే ఏం చేస్తున్నావమ్మా అంటే బొమ్మలేస్తున్నానని చెప్పాలా?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జరీనా కథ చెప్పి దాన్ని దాటవేయలేము. ఆమెకు కూడా కళ చాలా ఏళ్ళు అన్నం పెట్టలేదు. అదీ ఆయనకు దాచకుండా చెప్పాము. డిజైన్ చదువుకున్నవారికి బట్టల రంగంలో, అచ్చు రంగంలో, బడుల్లో పని దొరికే అవకాశముందని కూడా చెప్పాము. తల్లి మగ్గం మీంచి తల ఎత్తకుండానే, "ఒక్కసారి పరీక్ష రాయనిద్దాం జీ" అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ప్రవేశ పరీక్ష దరఖాస్తు కాగితాలు మాత్రం మా చేతిలోంచి తీసుకొని కుట్టుమిషను సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ అమ్మాయికి మేము ఒక షరతు పెట్టాము. వారానికి మూడు రోజులు మగ్రిబ్ తర్వాత తండ్రితో కలిసి మా ఇంటికొచ్చి మా బేగం దగ్గర ఉర్దూ అక్షరాలు నేర్చుకోవాలి. నానీ ఉత్తరాన్ని తానే చదవగలిగిన రోజున ఆ ఇంటి నక్షాలో గదుల పేర్లు ఉర్దూలో తానే రాయాలి. ఇప్పటికి ఆమె 'ఘర్' అని రాయడం నేర్చుకుంది. మొదటిసారి రాసినప్పుడు గాఫ్ మీది రెండో గీత మరచిపోయింది. మేము కాగితం చించలేదు. గీత ఎక్కడ పెట్టాలో చూపించాము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ పిల్లల చేతిలో కాగితం కనిపిస్తే ముందు అందులో ఏముందో చూడండి. ఆ తర్వాతే మాట్లాడండి. మన బిడ్డల చేతుల్లోని హునర్‌ను గుర్తించే చూపును, దాన్ని మేలైన దారిలో నడిపే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.